గడప మీద ఆకు

శుక్రవారం పొద్దున్నే గుడివాడ నుంచి, ఒకప్పటి మా పక్కింటమ్మాయి ఫోను చేసింది. "అక్కా, అమ్మ పోయింది" అని ఒక్క మాట అని ఆ అమ్మాయి ఆగిపోయింది.  మళ్ళీ తనే అంది: "నిన్నంతా ఏదో లెక్కపెడుతూనే ఉంది అక్కా. బియ్యం కొలిచేటప్పుడు లెక్కపెట్టేది చూశావూ, అలాగ. బందరు తీసుకొస్తున్నాం. మన వీధిలోంచే తీసుకెళ్ళమని ఎప్పుడో చెప్పింది."

పోయినావిడ మా వీధిలో అందరికీ బర్మా అత్తయ్యగారు. మాకు బంధువు కాదు. మాది క్రైస్తవ కుటుంబం, వాళ్ళాయన దివిసీమ తీరాన చేపలు పట్టుకునేవాళ్ళ ఇంటి మనిషి, ఆవిడ పుట్టింది బుద్ధుణ్ణి కొలిచే ఇంట్లో. మా రెండిళ్ళకీ మధ్య ఒక పిట్టగోడ ఉండేది. మా చుట్టరికమంతా ఆ గోడ మీదే నడిచింది.

నాకు దేన్నైనా వరసగా రాసుకుంటే తప్ప మనసు కుదుటపడదు. పాల లెక్కైనా, గ్యాసు బండ వచ్చిన రోజైనా, ఊరగాయకి ఏ జాడీలో ఎంత ఉప్పు వేశానన్నదైనా అంతే. అందుకని ఆవిడ గురించి కూడా వరసగానే రాస్తాను. చూసింది చూసినట్టు రాస్తాను. విన్నదైతే విన్నానని చెప్తాను.

ముందు విన్నది. అత్తయ్యగారి మావగారు పాలకాయతిప్ప దగ్గర పల్లె నుంచి కుర్రతనంలోనే రంగం వెళ్ళారు. రంగూన్‌ని మా పెద్దవాళ్ళు రంగం అనేవారు. అక్కడ బియ్యం మిల్లులో పని. ఆయన కొడుకు, అంటే అత్తయ్యగారి మొగుడు మా మావయ్యగారు, అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, ఆ మిల్లులోనే పనికి చేరి, పక్క వీధిలో ఉండే బర్మా అమ్మాయిని చేసుకున్నారు. అరవైల్లో ఆ దేశంలో మిలటరీ ప్రభుత్వం వచ్చింది. మిల్లులూ దుకాణాలూ సర్కారు తీసేసుకుంది. మీది ఈ దేశం కాదు, వెళ్ళిపొమ్మన్నారు. మొగుడితో పాటు ఆవిడా ఓడెక్కింది. విశాఖపట్నంలో దిగి, అక్కణ్ణుంచి మావగారి పల్లెకి వచ్చింది. తెలుగు సగమే వచ్చు, చీర కట్టడం అసలు రాదు.

దివిసీమలోనే కూతురు పుట్టింది. తర్వాత ఉప్పెన వచ్చింది. ఆ రోజు చుట్టాలింటికి అవనిగడ్డ వెళ్ళి ఉన్నారు గనక మనుషులు మిగిలారు. ఇల్లు మిగల్లేదు. ఇంట్లో ఇనప్పెట్టె, పెట్టెలో ఓడ కాగితాలు, ఈ దేశపు మనిషివని ఆవిడకిచ్చిన పత్రం, పెళ్ళినాటి ఫోటో అన్నీ సముద్రంలో కలిశాయి. ఆ తర్వాత బందరు వచ్చారు. మావయ్యగారు ఐసు ఫ్యాక్టరీలో చేరారు. ఇదంతా మావయ్యగారు ముక్కలు ముక్కలుగా చెప్పింది. అత్తయ్యగారు ఉప్పెన గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇక నేను చూసింది. తొంభైల మొదట్లో పెళ్ళై గుడివాడ నుంచి బందరు వచ్చాను. దూరం ఏమీ కాదు. అయినా నాకు వేరే లోకంలాగే ఉండేది. నీళ్ళు ఉప్పన, గాలి జిడ్డు, పొద్దున ఆరేసిన బట్ట సాయంత్రానికీ చెమ్మగానే ఉండేది. ఒకరోజు పెరట్లో గిన్నెలు తోముతూ ఏడుస్తుంటే గోడ మీదుగా ఒక మొహం లేచింది. రెండు బుగ్గల మీదా పసుపుపచ్చటి పూత. పూసుకున్నట్టు కాదు, శ్రద్ధగా ఆకు బొమ్మలాగ దిద్దుకున్నట్టుంది. నేను హడలిపోయాను.

"ఏమ్మాయ్, మొగుడు కొట్టాడా?"

"లేదండీ."

"మరి ఏడుపెందుకు?"

"ఇంటి మీద బెంగండీ."

"ఏ ఊరు మీది?"

"గుడివాడండీ."

ఆవిడ గోడ పట్టుకుని మరీ నవ్వింది. "గుడివాడా! నేను రంగం నుంచి వచ్చాను. గుడివాడకే నువ్వింత ఏడిస్తే నేనెంత ఏడవాలి చెప్పు?"

నాకూ నవ్వొచ్చింది. ఆవిడ లోపలికెళ్ళి ఒక గిన్నె పట్టుకొచ్చి గోడ మీద పెట్టింది. "కొత్త ఊరు ముందు నీళ్ళలోనే తెలుస్తుంది. నీళ్ళు ఒంటికి పడితే ఊరు పడ్డట్టే. పడతాయిలే, తొందరేముంది" అంది. ఇన్నేళ్ళలో మా వీధికి కోడలిగా వచ్చిన ప్రతి అమ్మాయికీ ఆ మాట నేను చెప్పాను. ఎవరి మాటో కూడా చెప్పాను.

ఆ గిన్నెలో ఉన్నది వాళ్ళ చేపల పులుసు. వాలుగ చేప ఉడికించి ముళ్ళు తీసేసి, అరటి దూట ముక్కలు, వేయించిన శనగపిండి వేసి చిక్కగా కాస్తారు. అందులోకి బియ్యప్పిండి సేమ్యా. ఈ ఊళ్ళో అలాంటి సేమ్యా దొరక్క ఆవిడ జంతికల గొట్టంతో సలసలా కాగే నీళ్ళలోకి నొక్కేది. మా ఆయన మొదటిసారి చూసి, "జంతికలు పులుసులో వేసిందేమిటి ఈవిడ" అన్నారు. తర్వాత ఆదివారం చర్చి నుంచి రాగానే గోడ వైపు చూడటం ఆయనకే అలవాటైంది.

బుగ్గల మీది పూత సంగతి నెమ్మదిగా తెలిసింది. వాళ్ళ దేశంలో ఆడవాళ్ళు ఒక చెట్టు బెరడుని రాతి మీద అరగదీసి మొహానికి రాసుకుంటారట, ఎండకి చలవ అని. రంగం నుంచి తెచ్చుకున్న ముక్క అరిగి అరిగి అయిపోయింది. ఒకసారి మొవ్వ వైపు ఎవరింటికో వెళ్తే, దొడ్లో వెలగచెట్టు కనిపించింది. బెరడు గీరి వాసన చూసి అక్కడే కూలబడిందట. వాళ్ళ ఊళ్ళోనూ ఆ చెట్టు బెరడే రాసుకునేవారు. "ఇన్నేళ్ళూ ఇక్కడే ఉంది, నాకు తెలియలేదు" అనేది నాతో, తప్పిపోయిన చుట్టం దొరికినట్టు. అప్పట్నుంచీ ఆ ఇంటివాళ్ళే బెరడు పంపేవారు.

ఆవిడ తెలుగు దివిసీమ తెలుగు. తిట్లు కూడా అక్కడివే. ర మాత్రం నోట్లో సగమే పలికేది. అయితే ఒక్క చోట మాత్రం తెలుగు వచ్చేది కాదు. బియ్యం కొలిచేటప్పుడు సోల ముంచి పోస్తూ, తిత్, నిత్, తోం, లే అని లెక్కపెట్టేది. "తెలుగులో లెక్కపెట్టలేరా అత్తయ్యగారూ?" అన్నానొకసారి. "పెట్టగలను. అన్నం తక్కువవుతుంది" అంది. లెక్కలు రాసుకునే నాకు ఆ మాట బాగా నచ్చింది. అంకెలు మనిషికి అంత లోపల ఉంటాయని నాకప్పటిదాకా తెలియదు.

ఎదురింట్లో మిలటరీ బాబాయిగారు, పిన్నిగారు ఉండేవారు. ఆయన సైన్యంలో పనిచేసి రిటైరై వచ్చారు. చొక్కా మడత నలగదు, మాట మారదు. ప్రతి పంద్రాగస్టుకీ వాళ్ళ ఇంటి ముందే వీధి జెండా ఎగిరేది. జెండాలో చుట్టే పువ్వులు అత్తయ్యగారి నందివర్ధనం చెట్టువి. అది ఎప్పటి ఆనవాయితీయో నేనొచ్చేసరికే ఉంది.

రిపబ్లిక్ డే నాడు ఢిల్లీ కవాతు చూడటానికి అత్తయ్యగారు, పిన్నిగారు మా ఇంటికి వచ్చేవారు. ఊరికే కూర్చోవడం ఇద్దరికీ చేతకాదు, కూరగాయలు కూడా వెంట తెచ్చుకునేవారు. ఒకసారి టీవీలో జనగణమన మొదలుకాగానే అత్తయ్యగారు లేచి నిలబడింది. ఒళ్ళో చిక్కుడుకాయలన్నీ గదంతా పడ్డాయి.

"కూర్చోండి వదినా, టీవీయే కదా" అంది పిన్నిగారు.

"పాట పాటే కదా వదినా" అంది ఆవిడ, కదలకుండా.

ఆవిడే, జనవరి మొదట్లో బర్మా స్వాతంత్ర్య దినం రోజున, పాత రేడియో చెవికి ఆనించుకుని ఏదో స్టేషను కోసం ముల్లు తిప్పుతూ కూర్చునేది. గరగరల మధ్య ఎక్కడో ఒక పాట వినిపిస్తే కళ్ళు మూసుకునేది. అది చూసే పిన్నిగారు ఒకసారి గోడ దగ్గర అడిగేసింది. మనసులో కల్మషం ఉండి కాదు, ఊరికే: "ఇంతకీ ఏ దేశమంటే ఇష్టం వదినా మీకు?"

అత్తయ్యగారు రేడియో ఆపి చూసింది. "పామర్రులో మీ అమ్మ పోయినప్పుడు ఏడ్చారా?"

"ఏడవనా మరి!"

"అన్నయ్యగారికి కోపం వచ్చిందా, అత్తింట్లో ఉంటూ పుట్టింటికి ఏడుస్తోందని?"

 నేను ఆ రోజు చాలాసేపు ఆలోచించాను. నాది గుడివాడ, పిన్నిగారిది పామర్రు, అత్తయ్యగారిది రంగం. ముగ్గురం ఒక వీధిలోకి వచ్చి పడ్డవాళ్ళమే. మమ్మల్ని ఎవరూ అడగలేదు, ఆవిణ్ణి అడిగారు, అంతే తేడా.

ఆ తేడా ఎంతటిదో కార్గిల్ యుద్ధం తర్వాత తెలిసింది. ఆ యుద్ధంలో బాబాయిగారి అన్న కొడుకు సరిహద్దులో ఉన్నాడు. ఆ వేసవంతా ఆయన వరండాలో రేడియో ముందు కూర్చుని, సరిగా తిండి కూడా తినలేదు. అబ్బాయి క్షేమంగా వచ్చాడు. కానీ బాబాయిగారి మాటలో ఏదో బిగుసుకుపోయింది. దేశం అన్న మాట అంతకుముందూ అనేవారు, తర్వాతా అనేవారు. తర్వాత అన్నప్పుడు ఎవరినో వెతుకుతున్నట్టుండేది.

మరుసటి ఏడాది ఓటర్ల జాబితా సరిచేయడానికి ఒక మాస్టారు వచ్చి, బాబాయిగారి వరండాలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇంటింటివాళ్ళం వెళ్ళి చెప్పుకుంటున్నాం. అత్తయ్యగారి వంతు వచ్చింది.

"పుట్టిన ఊరమ్మా?"

"రంగం."

"అది బంటుమిల్లి దగ్గరా?"

"కాదు బాబూ. బర్మా."

మాస్టారి చెయ్యి ఆగింది. పక్కన పేపరు చదువుతున్న బాబాయిగారు పేపరు దించారు. "ఈ దేశపు పౌరురాలినని కాగితం ఉందామ్మా?" అన్నారు మాస్టారు. ఉండేదని చెప్పింది.

ఇంటికొస్తూ నేను మందలించాను. "బందరని చెప్తే పోయేది కదండీ. ఎవరు చూడొచ్చారు?"

"అబద్ధం చెప్పి ఉంటే, రోజూ ఆ అబద్ధంలోనే కాపురం చెయ్యాలమ్మాయ్" అంది.

కొన్ని రోజులకి నోటీసు వచ్చింది. ఓటరు పేరు మీద అభ్యంతరం వచ్చిందనీ, ఆధారాలతో మండలాఫీసుకి రమ్మనీ. ఎవరు పెట్టారో మేం కనుక్కోవాల్సిన అవసరం లేకపోయింది. ఆ సాయంత్రం బాబాయిగారే స్వయంగా వచ్చి అత్తయ్యగారి గేటు దగ్గర నిలబడ్డారు. నేను గోడకి ఇవతలే ఉన్నాను.

"అమ్మా, చాటుగా చెయ్యడం నాకు రాదు. నేనే రాసిచ్చాను. మీ మీద నాకేమీ లేదు. ఓటంటే దేశం. దేశం విషయంలో ఎదురిల్లు, పక్కిల్లు అని చూసుకుంటే నేను వేసుకున్న యూనిఫాంకి అర్థం లేదు. కాగితం చూపించండి, అందరికంటే ముందు నేనే సంతోషిస్తాను."

"రూలంటే రూలే అన్నయ్యగారూ" అంది ఆవిడ. "కాఫీ తాగుతారా?"

ఆయన వద్దని తల ఊపి వెళ్ళిపోయారు. మావయ్యగారు లోపలి నుంచి దివిసీమ మాట ఒకటి గట్టిగా అన్నారు. అది నేనిక్కడ రాయను.

నాకు బాబాయిగారి మీద పీకలదాకా కోపం వచ్చింది. ఆవిణ్ణి ఊరడిద్దామని, "పోతే పోనివ్వండి అత్తయ్యగారూ, ఆ ఓటు లేకపోతే అన్నం అరగదా" అన్నాను. అప్పటిదాకా మామూలుగానే ఉన్న మనిషి మెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఓటు కాదమ్మాయ్. పేరు. ఇక్కడ సర్కారు పుస్తకంలో నా పేరున్నది ఆ ఒక్క చోటే. మా ఆయన పుట్టింది రంగంలో. అతన్ని నీది ఈ దేశం కాదన్నారు. సరే, మాకో దేశం ఉందిలే అని ఓడెక్కాం. ఇప్పుడు నన్ను ఇక్కడ కాదంటే, నాకు ఏ రేవుంది?"

ఆ తర్వాత ఆవిడ ఆ మాట ఎత్తలేదు. కానీ వెలగబెరడు అరగదీయడం మానేసింది. ఉత్త మొహంతో తిరిగేది. బయటికెళ్ళేటప్పుడు తలమీద కొంగు కప్పుకునేది. ఇన్నేళ్ళ తర్వాత వీధిలో కొత్త మనిషిలాగ నడవడం చూశాను. నాకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

పంద్రాగస్టు వచ్చింది. ఆ ఏడు పువ్వులు అడగడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. అడక్కుండానే పొద్దున్నే సజ్జ నిండా నందివర్ధనాలు బాబాయిగారి వరండా గట్టు మీద ఉన్నాయి. బాబాయిగారు వాటిని చూశారు. జెండాలో చుట్టారు. తాడు లాగితే పువ్వులన్నీ ఆయన నెత్తిమీదే రాలాయి. అత్తయ్యగారు తన గేటు లోపలే నిలబడి జనగణమన అయ్యేదాకా కదల్లేదు.

అదే శ్రావణంలో బాబాయిగారు వీధి వరండా ఉంచి, వెనక పాత పెంకుటిల్లు విప్పి డాబా కట్టిస్తున్నారు. అంతా కొత్తదే గానీ వీధిగుమ్మం మాత్రం పాతదే. దాన్ని విప్పి, నూనె పట్టించి, కొత్త గోడల్లో నిలబెట్టడానికి ముహూర్తం పెట్టుకున్నారు. ద్వారబంధం ఎత్తే రోజున ముత్తైదువలు దానికి పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, మామిడాకులు కట్టడం వాళ్ళ ఆచారం. పిన్నిగారు కుంకుమభరిణ పట్టుకుని ఇంటింటికీ పిలవడానికి బయల్దేరింది. మా ఇంటికొచ్చి, "నువ్వు బొట్టు పెట్టుకోవుగా, పువ్వు తీసుకో" అని చామంతి చేతిలో పెట్టింది. తర్వాత నేరుగా పక్కింటి గేటు తీసింది.

ఎదురింటి వరండాలోంచి బాబాయిగారు దగ్గారు. ఆవిడ వెనక్కి తిరిగి చూసి, వీధికంతా వినబడేటట్టు అంది: "మీ రూలు ఆఫీసులో పెట్టుకోండి. భరిణ నాది."

అత్తయ్యగారు వచ్చింది. పట్టుచీర కట్టుకుని, చాలారోజుల తర్వాత బుగ్గలకి వెలగబెరడు పూసుకుని మరీ వచ్చింది. మేమందరం ఎక్కడ చూడాలో తెలియక మామిడాకుల వైపు చూశాం.

ద్వారబంధాన్ని నేలమీద పడుకోబెట్టి ఉంచారు. నూనె పట్టించాక నల్లటి తేనెరంగు తేలింది. బాబాయిగారు ఆ రోజు చాలా ఉత్సాహంగా ఉన్నారు. తాపీమేస్త్రీకీ, పంతులుగారికీ, వచ్చినవాళ్ళందరికీ చెప్తున్నారు: "అసలైన బర్మా టేకండీ! మా తాతగారు ఓడ మీద తెప్పించారు. ఇన్ని తుఫాన్లు చూసింది, ఒక్క చోట చెద పట్టలేదు. ఇప్పుడు వెతికినా దొరకదు ఇలాంటిది."

ముత్తైదువలు ఒక్కొక్కరే వంగి గడపకి బొట్లు పెడుతున్నారు. అత్తయ్యగారి వంతు వచ్చింది. ఆవిడ వెంటనే బొట్టు పెట్టలేదు. చెక్క మీద అరచెయ్యి ఆనించి, ఒక చివర నుంచి ఇంకో చివరికి నిమిరింది. వంగి వాసన చూసింది. తర్వాత చిటికెన వేలితో తన బుగ్గ మీది పూతే ఇంకాస్త తడి చేసి తీసుకుని, గడప మధ్యలో, పసుపు మీద, ఒక ఆకు దిద్దింది. ఈనెలతో సహా.

"అయ్యో, బొట్టు పెట్టమంటే ఆకు వేశారేంటండీ!" అంది ఎవరో.

ఆవిడ నాలుక్కరుచుకుంది. నిజంగానే పొరపాటు చేసింది, నేను పక్కనే ఉండి చూశాను. పుట్టింటి చుట్టాన్ని చూసినట్టు చెక్కని చూస్తూ, చెయ్యి ఎటు పోతోందో చూసుకోలేదు. తుడవబోయింది. పంతులుగారు, "ఉంచండమ్మా. ఆకు శుభమే, తమలపాకు అనుకుందాం" అన్నారు. అందరూ నవ్వారు. అత్తయ్యగారూ నవ్వి, నడుం పట్టుకుని లేస్తూ, ఎదురుగా ఉన్న బాబాయిగారితో అంది:

"ఇదీ ఓడలోనే వచ్చిందన్నమాట అన్నయ్యగారూ. దీని కాగితాలు జాగ్రత్తగా ఉన్నాయా?"

ఎత్తిపొడుపు కాదు. వేళాకోళానికే అంది. ఇంటి మనుషుల మధ్య అనుకునే మాటలాగే వచ్చింది. ఆడవాళ్ళందరూ మళ్ళీ నవ్వారు. నవ్వు సగంలో ఉండగా ఒక్కొక్కరికీ ఆ మాట అర్థమైంది. తాపీమేస్త్రీ కూడా గమేళా కింద పెట్టాడు.  బాబాయిగారు గడప మీది ఆకు వైపు చూసి, "ముహూర్తం దాటిపోతోంది, ఎత్తండి" అన్నారు. గుమ్మం లేచి నిలబడింది.

విచారణ రోజు మండలాఫీసు వరండాలో అత్తయ్యగారు, మావయ్యగారు, సాక్ష్యానికి నేనూ మా ఆయనా కూర్చున్నాం. ఆఫీసరు చిన్నవాడు, మర్యాదగానే అడిగాడు.

"మీ పత్రం ఏదమ్మా?"

"ఉండేది బాబూ, దివిసీమలో."

"ఇప్పుడెక్కడుంది?"

"సముద్రంలో."

వెటకారం అనుకుని ఆయన మొహం ఎర్రబడింది. పక్కన రాసుకుంటున్న గుమాస్తా కలం పక్కన పెట్టి, "ఉప్పెనలోనా అమ్మా?" అన్నాడు మెల్లగా. ఆవిడ తల ఊపింది. "మాదీ దివిసీమే, నాగాయలంక సార్" అన్నాడు గుమాస్తా ఆఫీసరుతో.  ఆఫీసరు కాగితం తిప్పి, "సరే, అభ్యంతరం పెట్టినవారు ఏమంటారో విందాం, పిలవండి" అన్నాడు.

అటెండరు వరండాలోకి వచ్చి బాబాయిగారి పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు. నేను గేటు వైపు చూస్తూనే ఉన్నాను. రైలుకైనా పెళ్ళికైనా అందరికంటే ముందు వెళ్ళి కూర్చునే మనిషి ఆయన. భోజనాల వేళ దాకా ఆగారు. ఆయన రాలేదు. మా సాక్ష్యం రాసుకుని, అభ్యంతరం పెట్టినవారు హాజరు కాలేదని రాసి, పేరు ఉంచుతున్నామన్నారు. మావయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు. అత్తయ్యగారు నా చెవిలో, "అన్నయ్యగారికి ఒంట్లో బాగోలేదేమో, పాపం" అంది.

ఆయన ఎందుకు రాలేదో నాకు ఈనాటికీ తెలియదు. పిన్నిగారు చెప్పింది మాత్రం ఇది: పొద్దున్నే తయారయ్యారు. బూట్లకి పాలిష్ కూడా పెట్టుకున్నారు. గుమ్మం దాకా వచ్చి, కాలు ఎత్తినవారు ఎత్తినట్టే ఆగి, వెనక్కి తిరిగి కుర్చీలో కూర్చున్నారు. బూట్లు మధ్యాహ్నం దాకా విప్పలేదు. 

ఆ ఆదివారం అత్తయ్యగారు జంతికల గొట్టం తీసింది. గిన్నె పట్టుకుని తనే ఎదురింటికి వెళ్ళింది. నేను మా గేటు దగ్గర నిలబడి చూశాను, దాచేదేముంది. బాబాయిగారు గుమ్మంలోకొచ్చి గిన్నె అందుకున్నారు. నిలబడే ఒక స్పూను తిన్నారు. "ఉప్పు సరిపోయింది" అన్నారు. వాళ్ళిద్దరి మధ్యా ఆ విషయం మీద నడిచిన మాటలు అవే.

తర్వాత ఎన్నికలొచ్చాయి. స్కూలు దగ్గర ఆడవాళ్ళ వరస ఎండలో చాలా పొడుగుంది. ఎవరూ చెప్పకుండానే బాబాయిగారు మగవాళ్ళ వరసలోంచి తప్పుకుని, లోపల్నుంచి ఒక కుర్చీ తెచ్చి అత్తయ్యగారి వెనకాల వేసి, మళ్ళీ వెళ్ళి తన వరసలో చివర నిలబడ్డారు. ఆవిడ సిరా చుక్క పెట్టిన వేలు నాకు చూపించి, అదే వేలితో బుగ్గ మీది పూత సరిచేసుకుంది.

మావయ్యగారు పోయాక కూతురు ఆవిణ్ణి గుడివాడ తీసుకెళ్ళింది. నా పుట్టిల్లు ఆవిడకి ఊరైంది, ఆవిడ వదిలిన ఊరు నాకు ఊరైంది. ఫోనులో, "గుడివాడ నీళ్ళు పడ్డాయా అత్తయ్యగారూ?" అంటే, "చప్పగా ఉన్నాయే. బందరు ఉప్పు అలవాటైపోయింది" అనేది. పంద్రాగస్టుకి తప్పకుండా వచ్చేది, తన చెట్టు పువ్వులు తనే కొయ్యాలని. చెట్టు పూసినంతకాలం పువ్వులు పెట్టింది. చెట్టు పోయాక బజారులో కొనుక్కొచ్చింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నానికి వ్యాను వచ్చింది. పాత ఇంటి ముందు దించారు. పిన్నిగారు, నేనూ కలిసి స్నానం చేయించాం. కూతురు సంచీలోంచి రాయి, వెలగబెరడు ముక్క తీసింది. నేను అరగదీశాను, పిన్నిగారు బుగ్గల మీద ఆకులు దిద్దింది. ఆవిడ చెయ్యి తడబడలేదు. ఎందుకంటే ఆ చేతికి ఆ ఆకు కొత్త కాదు. గుమ్మం నిలబెట్టిన నాటి నుంచీ ప్రతి శుక్రవారం గడపకి పసుపు రాశాక, బొట్లన్నీ పెట్టాక, మధ్యలో తడి బియ్యప్పిండితో ఒక ఆకు వేస్తూనే ఉంది. ఎందుకని ఎవరైనా అడిగితే, "మా గుమ్మానికి అదే ఆచారం" అంటుంది.

మా వీధిలో పాడె వెళ్తుంటే ఇంటింటా తలుపులు మూసుకుంటారు. వెళ్ళిపోయాక నీళ్ళు చల్లి తెరుస్తారు. ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి, ఎవరినీ తప్పు పట్టేది కాదు. ఆ రోజూ ఒక్కొక్క తలుపూ దగ్గరికి వేశారు. పాడె ముందుకి కదిలింది. నేను వెనకాల నడుస్తున్నాను.

ఎదురింటి తలుపులు రెండూ బార్లా తీసి ఉన్నాయి. బాబాయిగారు చేతికర్ర ఊతంగా లోపల నిలబడి ఉన్నారు. కాళ్ళకి చెప్పులు లేవు. మోసేవాళ్ళలో ఎవరో, "బాబాయిగారూ, తలుపు..." అన్నారు. ఆయన వినిపించుకోలేదు. పాడె సరిగ్గా ఎదురుగా వచ్చినప్పుడు చేతికర్ర గోడకి ఆనించి, ఊతం లేకుండా నిటారుగా నిలబడ్డారు. ఆయన కాళ్ళ ముందు ఆ పాత బర్మా టేకు గడప, పొద్దున రాసిన పసుపు, వరసగా కుంకుమబొట్లు, వాటి మధ్యలో ఆకు. కబురు తెలియకముందే దిద్దినది, అప్పటికి ఆరిపోయి తెల్లగా తేలింది.

పాడె మలుపు తిరిగేదాకా నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను. ఆ తలుపు వెయ్యలేదు.